కత్తి మీద పాము బొమ్మ వేయాలంటే

చిరంజీవులకు,

ఆశీస్సులు. మీరు చేసుకున్న కత్తి మీద నార్స్ పురాణాల, అంటే ఉత్తర ఐరోపా వాళ్ళ పాత దేవతల కథల, బొమ్మ వేయాలనుకుంటే, ముందు ఆ అలుగు ఆకారం చూడండి. అది పొడుగు, సన్నం. ఆ దేవుళ్ళలో థోర్ సుత్తినో ఓడిన్ ముఖాన్నో అందులో ఇరికిస్తే గీతలు కలిసిపోయి మరకలా కనిపిస్తుంది. పాము అయితే మొదలు నుంచి మొన దాకా హాయిగా పాకుతుంది.

స్వీడన్‌లోని రామ్‌సుండ్‌లో 11వ శతాబ్దపు రాతి చెక్కడం ఒకటుంది. దాని ఫొటో దగ్గర పెట్టుకోండి. ఫాఫ్నిర్ అనే సర్పం బొమ్మనంతా చుట్టుకుని ఉంటే, సిగుర్డ్ అనే వీరుడు కింది నుంచి దాని కడుపులో కత్తి దించుతున్నాడు. లోపల మళ్ళీ అతనే. సర్పం గుండెను కాలుస్తూ చుర్రుమన్న వేలు నోట్లో పెట్టుకుంటాడు. ఆ నెత్తురు నాలుకకు తగిలి పక్షుల మాటలు అర్థమవుతాయి. ద్రోహం తలపెట్టిన కమ్మరి రెగిన్ తల తెగి, తన పనిముట్ల పక్కనే పడి ఉంటాడు. రూన్‌లనే వాళ్ళ పాత లిపి అక్షరాలు పాము ఒంటిలోనే చెక్కారు. అవి చెప్పేది ఈ కథ కాదు, సిగ్రిడ్ అనే ఆవిడ హోల్మ్‌గైర్ ఆత్మ కోసం వంతెన కట్టించిన సంగతి. మీరూ అలాగే పాము ఒంట్లో మీ పేరు రాసుకోవచ్చు.

వైకింగులు, అంటే ఆ నార్స్ సముద్రయోధులు, ఉన్న కాలపు రూన్‌లు 16. గ, ద, ప, ఒ లకు వేరే గుర్తుల్లేవు. క, త, బ, ఉ గుర్తులతోనే సరిపెట్టుకునేవారు. అందుకని ‘గోపి’ అని రాయాలంటే ‘కుబి’ అని చెక్కాలి. వైకింగుల దిక్సూచి అని అందరూ వేసే వెగ్విసిర్ గుర్తు 1860 నాటి ఐస్‌లాండ్ రాతప్రతిలోది. నచ్చితే వేసుకోండి, వైకింగులదని మాత్రం చెప్పకండి.

ఇక పని. అలుగుకు నెయిల్ పాలిష్ పూసి, సూదితో బొమ్మ గీసి, గీత పడినచోట మాత్రం ఉప్పు కలిపిన వెనిగర్ ద్రావణం, బ్యాటరీ కరెంటు కలిసి ఇనుమును తినేలా చేస్తాం. పక్కన పెద్దవాళ్ళు ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి. కార్బన్ స్టీలు అలుగునే తీసుకోండి. స్టెయిన్‌లెస్ వద్దు, దాని నుంచి హానికరమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. అలుగును కాల్చి నూనెలో ముంచి గట్టిపరచి, 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్దాకే బొమ్మ వేయాలి. ముందే వేస్తే ఆ రుద్దుడులోనే పోతుంది. పిడి బిగించడం, వాదరకు పదును పెట్టడం ఆఖర్న.

అసిటోన్‌తో తుడిచాక అలుగును వేలితో తాకకండి. వేలి జిడ్డు ఉన్నచోట నెయిల్ పాలిష్ పెచ్చులూడి, కింది ఇనుమును కూడా ద్రావణం తినేస్తుంది. పాలిష్ రెండు పూతలు వేసి, చేతికి అంటుకోకుండా ఆరగానే సూదితో బొమ్మ గీయండి. మర్నాటిదాకా ఆగితే పూత పెళుసై గీత అంచులు విరుగుతాయి. గీతకూ గీతకూ కనీసం 1 మిల్లీమీటరు ఎడం ఉంచండి. ద్రావణం లోతుకే కాక పక్కలకూ తింటుంది, సన్నటి గోడలు నిలవవు. పాము పొలుసులు తగ్గించమనేది అందుకే.

పావు కప్పు వెనిగర్‌లో అర చెంచా ఉప్పు కలపండి. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ తీగ అలుగుకు, మైనస్ తీగ ఆ ద్రావణంలో తడిపిన దూదిపుల్లకు. తీగలు తారుమారైతే బుడగలు వస్తాయి గానీ గాడి పడదు. ఐదారు సెకన్లు అద్ది, ఎత్తి, నల్లటి మడ్డి తుడిచి మళ్ళీ అద్దండి. దూది నల్లబడితే మార్చండి. గోటికి గాడి తగిలితే చాలు. వంటసోడా నీళ్ళతో కడిగి, పాలిష్ తీసేసి, పూర్తిగా ఆరబెట్టి కుట్టుమిషన్ నూనె రాయండి. గాడిలో ఉప్పు మిగిలితే తెల్లారేసరికి పాము ఒళ్ళంతా తుప్పు పడుతుంది.

మీ తాతయ్య