గ్యాస్ గోలి, ఆపరేషన్: మత్తు డాక్టర్‌గా నేను రోజూ వినే అపోహలు

నల్లగొండలో మత్తు డాక్టర్‌ను. ఆపరేషన్‌కు ముందు రోజు ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే బీపీ, షుగర్ గోలీలు చెప్తారు. గ్యాస్ గోలి చాలామందికి మందుల లెక్కలోకే రాదు. తుంటి ఎముక విరిగి దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ మాత్రం తనే చెప్పింది, "గ్యాస్ గోలి మింగితే ఆపరేషన్ ఫెయిలైతదట బిడ్డా, మూడు రోజులాయె బందు పెట్టిన" అని. ఆ మూడు రాత్రులూ గుండెల్లో మంటతో ఆమెకు నిద్ర లేదు.

అపోహ: గ్యాస్ గోలి వాడేవాళ్లకు ఆపరేషన్ వికటిస్తుంది.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. కడుపులో యాసిడ్‌ను తగ్గించే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ గోలీలు వాడేవాళ్లలో న్యుమోనియా, విరేచనాలు, ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించాయని చెప్పిన పరిశీలనలు ఉన్నాయి. కానీ ఆ గోలి ఎవరు వాడతారో చూడండి. వయసు మళ్లినవాళ్లు, మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి గోలీలు మింగేవాళ్లు, గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవాళ్లు. వాళ్లకు ఆపరేషన్ తర్వాత కష్టం వస్తే అది గోలి వల్లనా, ముందు నుంచీ ఉన్న జబ్బు వల్లనా? తేలాలంటే చీటీలు వేసినట్టు రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే అసలు మందు ఇచ్చి చూడాలి. 2024లో వచ్చిన రివైజ్ అధ్యయనం అలాంటిదే. వెంటిలేటర్ మీదున్న 4,821 మందిలో పాంటాప్రజోల్ వల్ల న్యుమోనియా పెరగలేదు, మరణాలూ పెరగలేదు. కడుపులో తీవ్రమైన రక్తస్రావం 3.5 శాతం నుంచి 1 శాతానికి తగ్గింది. వాళ్లు ఐసీయూ రోగులు, అందరూ ఆపరేషన్ అయినవాళ్లు కారు. అయినా నేను నమ్మేది ఇలాంటి లెక్కనే.

మత్తు ఇచ్చేటప్పుడు మా అసలు టెన్షన్ వేరు. కడుపులోని పుల్లటి యాసిడ్ నీళ్లు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. మత్తులో కాన్పయిన తల్లుల్లో దీన్ని 1946లోనే మెండెల్సన్ అనే అమెరికా డాక్టర్ వివరించాడు. యాసిడ్ తక్కువుంటే ఆ దెబ్బ తీవ్రత తగ్గుతుంది. అందుకే అవ్వకు గోలి మళ్లీ మొదలుపెట్టించాను. ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేయించాను.

అపోహ: గోలి వేసుకున్నాం కదా, ఒక్క చాయ్ తాగితే ఏమైతది?

వాస్తవం: గోలి యాసిడ్‌ను తగ్గిస్తుంది, కడుపును ఖాళీ చేయదు. పాలు పోసిన చాయ్ మాకు తిండి కిందే లెక్క. తేలిక తిండికి కనీసం 6 గంటలు, మాంసానికీ నూనె వంటలకూ 8 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు ఆగాలి. తాగి ఉంటే దాచకండి. తిట్టం, ఆపరేషన్ వెనక్కి జరుపుతాం.

అపోహ: గ్యాస్ గోలితో ఏ నష్టమూ లేదు.

వాస్తవం: ఏడాదికి మించి వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది. మెగ్నీషియం బాగా తగ్గితే గుండె లయ తప్పవచ్చు. అందుకే వాపులకు నీరు గుంజే గోలీలు కూడా వాడేవాళ్లకు రక్తపరీక్ష చేయిస్తాను. ఇక గుండెకు స్టెంట్ పడి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ అనే మందు వాడేవాళ్లు. ఒమెప్రజోల్ ఆ మందు పనితనాన్ని తగ్గిస్తుంది, కాబట్టి గ్యాస్ గోలి మార్చాల్సి రావచ్చు. క్లోపిడోగ్రెల్ మాత్రం గుండె డాక్టర్‌ను అడగకుండా మీ అంతట మీరు ఆపొద్దు.

వచ్చేటప్పుడు గోలీల కవరు మొత్తం తెండి. పేర్లు గుర్తు లేకపోయినా పర్లేదు, ఖాళీ అట్ట చూపించినా మాకు చాలు.