పీటను తిరగేసి చూడండి

విజయనగరం,
కార్తీక మాసం.

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

మీరు ఫోన్లో పంపిన పీటల ఫొటోలన్నీ చూశాను. మార్గశిరం వస్తోంది కాబట్టి లక్ష్మివారం (గురువారం) పూజలకి అమ్మకి కొత్త పీట కొనిద్దామని మీ ఆలోచన. మంచిదే. కానీ అన్నీ ముందు నుంచి తీసిన ఫొటోలే. నెమళ్లు, ఏనుగులు, తామర రేకులు, మెరిసే బంగారు రంగు. ఒక్కదానికీ అడుగు కనపడలేదు. పీట కొనేవాళ్లు ముందు దాన్ని తిరగేసి చూడాలి. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. పెద్దదైపోయింది, ఒక్కసారే చదవక్కర్లేదు.

చిన్నది అడిగింది కదా, "దేవుడికి పీటెందుకు తాతా, గట్టుమీద పెడితే చాలదా?" అని. మనింటికి ఎవరైనా వస్తే ముందు కుర్చీ లాగి కూర్చోమంటాం. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, తాగడానికి నీళ్లు, భోజనం, అన్నీ ఆ తర్వాతే. పదహారు ఉపచారాల పూజ కూడా అదే వరసలో నడుస్తుంది. ధ్యానం, ఆవాహనం అయ్యాక మూడోది ఆసనం. పాద్యం, అర్ఘ్యం దాని వెనక వస్తాయి. పంతులుగారు "నవరత్న ఖచిత స్వర్ణ సింహాసనం సమర్పయామి" అంటూ అక్షింతలు వేయిస్తారు. ఎదురుగా ఉన్నది పనస చెక్క పీట. అయినా ఎవరికీ నవ్వు రాదు.

ఆసనం గొప్పతనం ఏమిటంటే, దాని మీద ఎవరూ లేకపోయినా అది ఎవరిదో తెలుస్తుంది. భరతుడు నందిగ్రామంలో రాముడి పాదుకల్ని సింహాసనం మీద పెట్టుకుని రాజ్యం చూసుకున్న కథ మీకు తెలుసు. అమరావతి స్తూపం మీది పాత పలకల్లో చాలాచోట్ల బుద్ధుడు మనిషి రూపంలో కనపడడు. బోధిచెట్టు కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చుట్టూ దండం పెడుతున్న జనం, అంతే. మ్యూజియానికి వెళ్లినప్పుడు ఆ ఖాళీ ఆసనాన్ని వెతకండి. మెత్తలు కూడా చెక్కారు దాని మీద!

ఇక ఆకారం సంగతి. ఆగమ శాస్త్రాల్లో దేవుడి ఆసనాలకి ఆకారాలు, వాటి వాడకాలు విడివిడిగా చెప్పారు. స్నానానికి నలుచదరపు సింహాసనం, అర్చనకి గుండ్రటి పద్మాసనం, ఆవాహనకి ఎనిమిది కోణాల యోగాసనం, నైవేద్యానికి ఆరు కోణాల విమలాసనం, వినోదాలు చూడటానికి మూడు కోణాల అనంతాసనం. ఇళ్లలో ఇవన్నీ ఎవరూ పెట్టరు, పెట్టక్కర్లేదు కూడా. పలక పీట మీద బియ్యప్పిండితో అష్టదళ పద్మం ముగ్గేస్తే పద్మాసనం అయిపోయినట్టే. మన ఆడవాళ్లు శాస్త్రాన్ని అలా చిటికెలో తేల్చేశారు.

చెక్కిన పీటని పక్క నుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అడుగున వెడల్పు, నడుమ సన్నం, పైన మళ్లీ వెడల్పు. గుడి అధిష్ఠానంలో, అంటే గుడి నిలబడే రాతి దిమ్మెలో, ఉపానం, జగతి, కుముదం, కంఠం, పట్టిక అని ఒకదాని మీద ఒకటి వచ్చే వరసలకి ఇది చిన్న నకలు. సన్నగా ఉన్న కంఠం దగ్గర నీడ పడుతుంది. ఆ నీడ వల్లే పైభాగం నేల నుంచి లేచినట్టు కనపడుతుంది. కొన్ని పీటల అడుగున తాబేలు ఉంటుంది. మందర పర్వతాన్ని మోసింది కూర్మమే కదా. పీఠపూజలో కూడా ఆధారశక్తికి, కూర్మానికి, అనంతుడికి ముందు నమస్కారం చెప్పి తర్వాత పైకి వస్తారు. కూర్మనాథుడి గుడి ఉన్న శ్రీకూర్మం మన పక్క జిల్లాలోనే ఉంది, మనకి తాబేలు పీట మీద కాస్త అభిమానం ఎక్కువుంటే తప్పులేదు.

ఇప్పుడు కర్ర సంగతికి వస్తాను. నాకు నచ్చిన భాగం ఇదే.

మన వైపు పీటలకి పనస, టేకు బాగా వాడతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది కూడా పనస మానుతోనే. కుండ, దండి కలిపి ఒకే మానులోంచి తొలుస్తారు. పనస చెక్క కోసినప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వెలుతురు తగిలి ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. అందుకే కొత్త పనస పీట పాతదానిలా ఎర్రగా నిగనిగలాడుతుంటే రంగు పూశారేమో అని అడగండి. ఆ పచ్చ రంగు చెక్కలోదే. చేవ, అంటే మాను లోపలి ముదురు చెక్క, దాని తరుగుని ఉడికించి బౌద్ధ భిక్షువుల బట్టలకి రంగు వేసేవారు. ఇక చింత కర్ర బరువు, గట్టితనం రెండూ ఎక్కువ, నగిషీకి మొండికేస్తుంది. దాన్ని పీటకి వాడటం నేను చూడలేదు. అయినా మన ఊరి అతి పెద్ద ఆసనం చింతమానే. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను కొసన పూజారిగారు కూర్చుంటారు. సుమారు 60 అడుగుల మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆ మాను ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం.

మాను మధ్యలో ముదురు రంగులో ఉండేది చేవ. దాని చుట్టూ, బెరడు లోపల తెల్లగా ఉండేది లేత చెక్క. చెట్టు తన పిండిపదార్థాన్ని దాచుకునేది ఈ తెల్ల భాగంలోనే కాబట్టి పురుగు ముందు అక్కడే పడుతుంది. పీట అంచున తెల్లటి పట్టీ ఉంటే అది చేవ కాదని గుర్తు. రంగు వేస్తే ఆ పట్టీ కనపడదు, ఒక్క అడుగున తప్ప. అడుగున సాధారణంగా పాలిష్ పెట్టరు. తిరగేయమనడానికి మొదటి కారణం ఇది. కొన్నాక పీట కింద మైదాపిండి లాంటి పొడి రాలుతుంటే పుచ్చు పట్టిందనే. అప్పుడు దాన్ని మిగతా చెక్క సామాన్లకి దూరంగా పెట్టాలి.

రెండో కారణం ఇంకా ముఖ్యం. చెక్క బతికున్న చెట్టు కాకపోయినా కదులుతూనే ఉంటుంది. వానాకాలంలో గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, మాఘం, ఫాల్గుణాల్లో ఆరి కుంచించుకుపోతుంది. ఈ ఉబ్బడం పొడుగునా దాదాపు ఉండదు, పోగుకి (చెక్కలో నారలు సాగే దిక్కుకి) అడ్డంగానే జరుగుతుంది. పలకకి కింద రెండు అడ్డపట్టీలు ఉంటాయి చూడండి. తెలిసిన వడ్రంగి వాటిని మేకులు కొట్టి బిగించేయడు. పలకలో లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గాడి తీసి, పట్టీని పక్క నుంచి అందులోకి తోస్తాడు. పలక వంకర పోకుండా పట్టీ ఆపుతుంది. ఉబ్బినా తగ్గినా పలక గాడిలో జరగడానికి చోటుంటుంది. అదే పట్టీకి జిగురు పూసి నాలుగు మేకులు దిగ్గొట్టారనుకోండి, మొదటి ఎండాకాలం పీట మధ్యలో టప్పున పగులుతుంది. దానికి జనం అపశకునం అని టెన్షన్ పడతారు. పీట పగిలింది మేకుల వల్ల. ఈ మాట మీ బామ్మకి కూడా చెప్పాను, పూర్తిగా ఒప్పుకోలేదు.

తిరగేశాక పలక రెండు కొసలు కూడా చూడండి. తేమ కొసల నుంచే తొందరగా పోతుంది కాబట్టి సరిగా ఆరని కర్రకి పగుళ్లు అక్కడే మొదలవుతాయి. సన్న పగులుని మైనంతోనో లప్పంతోనో పూడ్చేస్తే పైకి తెలియదు. గోటితో గీరితే తెలుస్తుంది.

ఇప్పుడు నగిషీ. గుండ్రంగా తామర రేకులు చెక్కిన పీట ఒకటి పంపారు కదా, అది అందంగానే ఉంది. ఒకే పలకలో గుండ్రంగా రేకులు చెక్కితే ఒక ఇబ్బంది ఉంటుంది. పోగు పొడుగునా వచ్చే రేకులు గట్టిగా ఉంటాయి. పోగుకి అడ్డంగా వచ్చే రేకుల కొసలు చిన్న దెబ్బకే విరుగుతాయి. అనుభవమున్న చెయ్యి ఆ రెండు పక్కలా రేకుల్ని పలచగా పైకి లేపదు, లోతు తగ్గించి మందంగా వదిలేస్తుంది. కాబట్టి చేత్తో చెక్కిన పీటలో రేకులన్నీ ఒక్కలా లేకపోతే అది లోపం అనుకోకండి. మిషన్ మీద చెక్కినవి అన్నీ అచ్చంగా ఒకేలా ఉంటాయి. తిరిగే బిట్టు గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూలలు కూడా గుండ్రంగానే తేలతాయి. ఉలి మూల పదునుగా దిగుతుంది. మిషన్ పీట కొనకూడదని నేననను. మంచి చేవ చెక్కై, పట్టీ సరిగా దిగితే హాయిగా కొనుక్కోండి. కర్రని సన్నటి పీచుగా చేసి జిగురుతో అదిమిన ఎమ్‌డీఎఫ్ పలక మాత్రం వద్దు. పూజ అంటే నీళ్లు ఒలుకుతాయి, తడి తగిలితే అది బిస్కెట్టులా ఉబ్బిపోతుంది.

పెద్దాడికి లెక్కలంటే ఇష్టం కదా, వాడికోసం వ్యాసపీఠం గురించి చెప్పాలి. పారాయణం పుస్తకం పెట్టుకునే మడత పీట అది. అంగుళం మందం ఉన్న ఒకే పలక తీసుకుంటారు. దాని అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత వెంట పళ్లలా గడులు గుర్తు పెడతారు. ఒక గడిని ఈ ముఖం నుంచి, పక్క గడిని ఆ ముఖం నుంచి, గుండ్రంగా తిరిగేలా ఉలితో తొలుస్తారు. తర్వాత పలక మందాన్ని రెండు కొసల నుంచీ రంపంతో నిలువునా చీల్చుకుంటూ ఆ పళ్ల దాకా వస్తారు. కోత పూర్తయ్యాక లాగితే పలక రెండు రెక్కలై కత్తెరలా విచ్చుకుంటుంది. మడతబందు లేదు, మేకు లేదు, జిగురు లేదు. రెండు రెక్కల్నీ విడదీయాలంటే విరగ్గొట్టాల్సిందే. థర్మకోల్ మీద ఒకసారి ప్రయత్నించు నాన్నా, పళ్లు ఎందుకు ఒకటి విడిచి ఒకటి తొలవాలో అప్పుడు తెలుస్తుంది.

చవితికి కట్టే పాలవెల్లి, సంక్రాంతి బొమ్మల కొలువు మెట్లు కూడా ఈ వడ్రంగి పనిలోవే. వాటి గురించి ఇంకోసారి రాస్తాను.

కొన్నాక చూసుకోవడం ఎలా అంటే, పీటని బిందెడు నీళ్లతో కడగకండి. పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. అభిషేకం ఉంటే విగ్రహాన్ని ఇత్తడి పళ్లెంలో పెట్టి చేయండి. బుడితి ఇత్తడి కుందులు బరువుగా ఉంటాయి, వేడెక్కుతాయి. పాలిష్‌లో ఉండేది లక్క అయితే ఆ వేడికి మెత్తబడి కుంది అడుగు అచ్చు పడిపోతుంది. కింద చిన్న పళ్లెం ఉంటే ఆ బాధ లేదు. మందిరంలాగా పైకప్పున్న పీట అయితే దీపం ఆ కప్పు కిందికి రాకూడదు, ముందుకి జరపాలి. మసి కంటే నిప్పే ఎక్కువ భయం. పసుపు మరక కొంచెంసేపు ఎండలో పెడితే వెలిసిపోతుంది. బజారు కుంకుమ మరక అంత తొందరగా పోదు, అందుకని కుంకుమ తమలపాకు మీద పెట్టండి. మెరుస్తుందని నువ్వులనూనె రాయొద్దు. అది ఆరక జిడ్డుగా ఉండిపోయి దుమ్మంతా పట్టేస్తుంది. ముగ్గు బియ్యప్పిండిని మర్నాడే దులిపేయండి, లేకపోతే చీమలు, బొద్దింకలు పండగ చేసుకుంటాయి.

ఇంకో మాట. పీట పెద్దదైతే పటాలన్నీ ఎక్కించేయాలనిపిస్తుంది. తిరపతి నుంచి తెచ్చినది, అరసవల్లి నుంచి తెచ్చినది, ఎవరో గృహప్రవేశంలో ఇచ్చినది. మార్గశిర లక్ష్మి కూర్చోవాల్సిన చోట ఆవిడకి కాలు పెట్టుకునే చోటు కూడా మిగలదు. పటాలు గోడకి తగిలించుకోవచ్చు.

మీరు పంపిన వాటిలో పనస పలకది, నగిషీ తక్కువున్నది నాకు బాగుంది. దుకాణం అతన్ని అడుగు ఫొటో, రెండు కొసల ఫొటోలు పంపమనండి. పంపనంటే కొనకండి. ఇక్కడే చేయించాలంటే నాకు కొలతలు కావాలి. గూడు లోపలి వెడల్పు, లోతు, తలుపుంటే తలుపు తెరిచాక మిగిలే వెడల్పు, అమ్మ కింద కూర్చున్నప్పుడు నేల నుంచి ఆవిడ గుండె దాకా ఎత్తు. అంగుళాల్లోనే రాయండి, మన వడ్రంగికి సెంటీమీటర్లంటే చిరాకు. లక్ష్మివారాలు మొదలయ్యేలోపు కావాలంటే ఈ ఆదివారంలోగా పంపండి. ఆరిన పలక ఒకటి అతని షెడ్డు అటక మీద ఉంది, నేను తిరగేసి చూసి వచ్చాను.

ఇట్లు,
మీ తాతయ్య