రెండు నాణేల చక్రవర్తి

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు చిన్నది ఒక ప్రశ్న వేసింది: "అందరికంటే తక్కువ రోజులు ఏలిన రాజు ఎవరు తాతయ్యా?" ఇంతలో మీ బస్సు వేళయింది, జవాబు సగంలో ఆగిపోయింది. ఏళ్ల తరబడి బడిలో చరిత్ర చెప్పినవాణ్ని, పిల్లల ప్రశ్న బాకీ ఉంచుకోలేను.

రోము సామ్రాజ్యానికి క్రీ.శ. 235 నుంచి 284 దాకా గడ్డుకాలం నడిచింది. ఆ యాభై ఏళ్లలో రోము ఒప్పుకున్న చక్రవర్తులే ఇరవై మందికి పైగా. ఎక్కడికక్కడ దండు పట్టం కట్టగా లేచినవాళ్లు ఇంకెందరో. అందులో జబ్బు చేసి పోయినవాళ్లు బహు తక్కువ. చాలామందిని చంపింది సొంత సైనికులే.

238వ సంవత్సరం సంగతి చూడండి. ఆఫ్రికా రాష్ట్రానికి గోర్డియన్ అనే ముసలాయన గవర్నరు. ఆయనకు దాదాపు 80 ఏళ్లు. ఇప్పటి ట్యునీషియాలో ఎల్ జెమ్ అనే ఊళ్లో పన్నుల అధికారి పెట్టే బాధ పడలేక, భూస్వాముల ఇళ్ల కుర్రాళ్లు అతణ్ని చంపేశారు. చంపాక భయం పట్టుకుంది. మాక్సిమినస్ చక్రవర్తి ఊరుకోడు కదా! అందుకని తిన్నగా గోర్డియన్ దగ్గరికి వెళ్లి ఆయన మీద ఊదారంగు రాజవస్త్రం కప్పేశారు. వద్దు మొర్రో అన్నాడు పెద్దాయన. కాదంటే ఇక్కడికిక్కడే చంపుతామన్నారు. ఒప్పుకుంటే చావు కొన్నాళ్లు వెనక్కి జరుగుతుంది, అంతే. కొడుకును కూడా తనతోపాటు చక్రవర్తిని చేసుకున్నాడు. రోములో సెనేటు, అంటే పెద్దల సభ, సరేనంది. కానీ పక్కనున్న నుమీడియా నుంచి మాక్సిమినస్ పక్షాన ఉన్న కాపెలియానస్, గోర్డియన్ మకాం పెట్టిన కార్థేజి మీదికి దండుతో వచ్చాడు. కొడుకు యుద్ధంలో పడిపోయాడు, ఆ కబురు విని తండ్రి ఉరివేసుకున్నాడు. ఇరవై రోజుల పైచిలుకు రాజ్యం! ఆయన్ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది.

సెనేటు వెనక్కి తగ్గే దారి లేదు. పుపియెనస్, బాల్బినస్ అని ఇద్దరు పెద్దలను చక్రవర్తులుగా నిలబెట్టింది. మాక్సిమినస్ ఇటలీ మీదికి వచ్చి అక్విలేయా ఊరిని ముట్టడించాడు. ఊరు లొంగలేదు, బయట సైన్యానికి తిండి లేదు. అతని సైనికుల్లో కొందరి భార్యాబిడ్డలు రోము పక్కనే ఉన్నారు. వాళ్లకేమవుతుందోనన్న బెంగతో ఆ సైనికులే అతణ్ని గుడారం దగ్గర చంపేశారు. మూడు నెలలు తిరిగేసరికి పెద్దలిద్దరినీ అంగరక్షక దళం చంపింది. చివరికి గద్దె మీద మిగిలింది మూడో గోర్డియన్, మొదటి గోర్డియన్ మనవడు. వాడికి 13 ఏళ్లు, మన పెద్దాడి ఈడు.

ఎందుకిలా అంటారా? తూర్పున పర్షియాలో కొత్త వంశం విజృంభించింది. ఉత్తరాన డాన్యూబు నది దాటి గోత్ తెగవాళ్లు, రైను నది దాటి అలమాన్ను, ఫ్రాంకు తెగలవాళ్లు వచ్చిపడుతున్నారు. చక్రవర్తి ఒక్కడు, మంటలు మూడు చోట్ల. ఊరు తగలబడుతుంటే, నెలల దూరంలో ఉన్న చక్రవర్తికన్నా దగ్గరున్న సేనానిని నమ్ముకున్న జనాన్ని నేను తప్పుపట్టను. పైగా కొత్తవాడు గద్దెనెక్కితే సైనికులకు కానుకగా డబ్బు ముట్టేది. 260లో వలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్ చేతికి బందీగా చిక్కాడు. ఆ ఏడాదే గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్సు వైపు, పోస్ట్యుమస్ అనే సేనాని వేరు రాజ్యం పెట్టాడు.

ఇలా లేచినవాడి మొదటి పని నాణెం కొట్టించడం. సైనికులకు జీతాలివ్వాలి. రాజెవరో జనానికి తెలిసేదీ ఆ నాణెం మీది బొమ్మతోనే. అందులో వెండి మాత్రం తరిగి తరిగి, చివరికి రాగి మీద పూతగా మిగిలింది.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన సంగతి. 1900లో ఫ్రాన్సులో దొరికిన నాణేల కుప్పలో ఒకదాని మీద డొమిషియానస్ అనే చక్రవర్తి పేరుంది. పాత గ్రంథాల్లో ఆ పేరు ఒకటి రెండు చోట్ల ఉంది కానీ, అతడు కిరీటం పెట్టుకున్నట్టు లేదు. అది దొంగ నాణెమని పండితులు పక్కన పెట్టేశారు. నూరేళ్లు గడిచాయి. 2003లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర చాల్‌గ్రోవ్‌లో పొలంలో ఒక కుండ బయటపడింది. అందులో సుమారు 5,000 నాణేలు. ఒక్కొక్కటే విడదీసి శుభ్రం చేస్తుంటే మళ్లీ అదే ముఖం, అదే పేరు! రెండూ ఒకే అచ్చులో పడ్డవి. 271 ప్రాంతంలో గాల్‌లో కొద్దికాలం గద్దెనెక్కిన మనిషికి అలా చరిత్రలో చోటు దొరికింది. ఎన్నాళ్లు ఏలాడో ఏ గ్రంథమూ రాయలేదు. అందుకే చిన్నదానికి ఒక్క పేరు తేల్చి చెప్పలేకపోయాను.

నాణెం వెనక వైపు రెండు మాటలున్నాయి: "కాంకోర్డియా మిలిటమ్". సైనికుల ఐకమత్యం అని అర్థం. అతడు కోరుకున్నది అదే.

అట్లాసు తీసి ఎల్ జెమ్, అక్విలేయా ఎక్కడున్నాయో పెన్సిలుతో గుర్తుపెట్టుకు రండి. పోస్ట్యుమస్ కథ వేసవి సెలవుల్లో చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య