ఓవెన్ గురించి అపోహలు - వాస్తవాలు: భయపడేది రేడియేషన్‌కి, కాలిపోయేది ప్లగ్గు

నేను బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళాల, వైట్‌ఫీల్డ్ పక్క ఓవెన్లు, మైక్రోవేవ్‌లు రిపేర్ చేస్తుంటా, 14 ఏళ్లయింది. ఇక్కడ చాలా ఇళ్లలో మన తెలుగువాళ్లే. వెళ్లగానే అడిగేది ఒకటే, "అన్నా, దీంట్లోంచి రేడియేషన్ వస్తుందంట కదా, పిల్లలకి మంచిది కాదంట కదా" అని. "దీన్ని ఏ ప్లగ్గులో పెట్టాలి" అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను రోజూ చూసేదేమో కాలిపోయిన ప్లగ్గులు, నల్లబడ్డ సాకెట్లు. అందుకే రాస్తున్నా.

అపోహ: మైక్రోవేవ్‌లో పెట్టిన అన్నంలో రేడియేషన్ ఉండిపోతుంది.
వాస్తవం: ఉండదు. ట్యూబ్‌లైట్ ఆపేస్తే వెలుతురు గదిలో మిగలదు కదా, ఇదీ అంతే. మైక్రోవేవ్ తిండిని వేడి చేసేది తరంగాలతో, ఆ తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు, తలుపు అద్దం వెనక జాలీలో ఉండే చిల్లులు ఒకట్రెండు మిల్లీమీటర్లు, అందుకే అందులోంచి బయటికి రాలేదు. తలుపు వంగిపోయినా, సరిగ్గా మూతపడకపోయినా మాత్రం వాడకండి, బాగు చేయించాకే వాడండి.

లోపల్నించి బయటికి ఉడుకుతుందనేది కూడా తప్పే. తరంగాలు పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే పోతాయి, మధ్యలోకి వేడి మెల్లగా పాకాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పు అంచుల్లో పొగలు కక్కుతూ నడిమధ్యలో చల్లగా ఉండేది అందుకే. మధ్యలో ఒకసారి కలిపి, అయ్యాక రెండు నిమిషాలు అలా వదిలేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

అపోహ: "800 వాట్లే కదా, మామూలు ప్లగ్గు చాలు."
వాస్తవం: మైక్రోవేవ్ డబ్బా మీద 800 అని ఉంటే అది తిండికి అందే పవర్. గోడలోంచి లాగేది దాదాపు 1200 వాట్లు, మిగతాదంతా లోపల మాగ్నెట్రాన్ (తరంగాలు పుట్టించే భాగం), ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కడానికే పోతుంది. వెనక స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అని రాసుంటుంది, చూడాల్సింది దాన్ని. మన కరెంటు 230 వోల్ట్‌లు, సన్న పిన్నుల సాకెట్ 6 యాంప్స్, రెండూ గుణిస్తే 1380 వాట్లు, అంటే 1200కి అంచు దాకా వచ్చేసినట్టే. 1500 వాట్ల ఓటీజీ (కాయిల్ వేడితో కేకులు, బ్రెడ్డు కాల్చే ఓవెన్) అయితే ఆరున్నర యాంప్స్ లాగుతుంది, అది దాటిపోయింది. కన్వెక్షన్ (ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పే) మోడళ్లు ఇంకా ఎక్కువ. వీటికి 16 యాంప్స్ పవర్ ప్లగ్గే ఉండాలి, గీజర్‌కి పెట్టుకుంటాం చూడండి, అలాంటిది.

మొన్న మున్నేకొళాలలో ఒక అక్క వాళ్లింట్లో, పిల్లాడి పుట్టినరోజని కేక్ పెట్టింది, ఓటీజీ లావు పిన్నుల ప్లగ్గుకి కన్వర్టర్ తగిలించి, దాన్ని ఫ్రిజ్ పక్కన ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో గుచ్చింది, అదే బాక్స్‌లో మిక్సీ కూడా. ఇరవై నిమిషాలకి చేపలు కాలినట్టు వాసన వచ్చిందంట, ఓవెన్ పోయిందని నాకు ఫోన్. వెళ్లి ప్లగ్గు లాగితే రాలేదు, కన్వర్టర్ ప్లాస్టిక్ కరిగి పిన్నుకి జిగురులా అతుక్కుపోయింది, ఇత్తడి పిన్ను గోధుమ రంగుకి తిరిగింది. ఓవెన్‌కి ఏమీ కాలేదు. లూజ్ కాంటాక్ట్‌లో అర ఓమ్ రెసిస్టెన్స్ చేరినా చాలు, ఆరున్నర యాంప్స్‌కి అక్కడ 21 వాట్ల వేడి పుడుతుంది. నేను టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే సోల్డరింగ్ ఐరన్‌ని ప్లాస్టిక్ బాక్స్‌లో పెట్టి మరిచిపోయినట్టే అక్కా అని చెప్తే అప్పుడర్థమైంది ఆమెకి, వెంటనే ఆ బాక్స్ తీసి చెత్తలో వేసేసింది.

అపోహ: ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్) ఊరికే పడిపోతుంటే పెద్దది వేయించుకోవాలి.
వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. ఎంసీబీ కాపాడేది ఓవెన్‌ని కాదు, గోడలో ఉన్న వైరుని. 16 యాంప్స్‌ది తీసేసి 32 వేస్తే ఎంసీబీ పడదు, వైరు లోపల్లోపల కాలుతుంది. మార్చాలంటే ముందు వైరు మార్చాలి, లేదంటే గీజర్, ఓవెన్ ఒకేసారి వేయడం మానాలి.

అపోహ: ఓటీజీని 250 డిగ్రీల్లో పెడితే త్వరగా వేడెక్కుతుంది.
వాస్తవం: మామూలు ఓటీజీలో కాయిల్ ఆన్‌లో ఉన్నంతసేపు ఫుల్ పవర్‌లోనే ఉంటుంది, 180లో పెట్టినా 250లో పెట్టినా ఒకే స్పీడు, థర్మోస్టాట్ ఎక్కడ ఆపాలో చెప్తుంది, అంతే. మధ్యలో లైటు ఆరిందని కూడా కంగారుపడకండి, చల్లబడగానే మళ్లీ వెలుగుతుంది. వేడెక్కడం నిజంగా లేటవుతుంటే వోల్టేజ్ చూపించండి. 230 ఉండాల్సింది 200కి పడితే 1500 వాట్ల కాయిల్ 1130 దగ్గరే ఆగిపోతుంది, కేక్ మధ్యలో పచ్చిగా ఉంటుంది, రెసిపీని తిట్టుకుంటారు.

అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు వైట్‌ఫీల్డ్‌లో ఎక్కువ, కంటైనర్‌లో మైక్రోవేవ్ కూడా తెచ్చుకుంటారు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందనుకుంటారు. అది 230ని 120 చేస్తుంది గానీ మన 50 హెర్ట్జ్‌ని (సెకనుకి 50 సైకిళ్లు) వాళ్ల 60 చేయలేదు. పాత రకం వాటిలో గడియారం కరెంటు సైకిళ్లనే లెక్కపెడుతుంది, గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది, పైగా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ అతిగా వేడెక్కుతుంది. అక్కడే అమ్మేసి రండి.

చివరగా వానాకాలం సంగతి. నెలల తరబడి వాడని ఓటీజీ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతుందని ఫోన్లు వస్తాయి. ఎలిమెంట్ పైపులో నింపే తెల్ల పొడి గాల్లో తేమ పీల్చుకుంటుంది, దాంతో కరెంటు బాడీకి లీక్ అవుతుంది. చాలాసార్లు ఎలిమెంట్‌ని ఆరబెట్టి మెగ్గర్‌తో (లీకేజ్ ఉందో లేదో చూపే మీటర్) చూస్తే సరిపోతుంది, కొత్తది అక్కర్లేదు. ఒకింట్లో మాత్రం ఎవరో చెప్పారని ప్లగ్గుకి ఎర్త్ పిన్ను కోసేశారు, ట్రిప్ అవడం ఆగింది, లీకేజ్ అలాగే ఉంది. టెస్టర్ పెడితే ఓవెన్ తలుపు పిడి దగ్గర వెలిగింది. ఆ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. ప్లగ్గు మార్చి, ఎర్త్ కలిపి, ఆ ఓవెన్‌ని షాపుకి తెచ్చేసుకున్నా.