సంతకం వచ్చింది, వడ్డీ లెక్క రాలేదు

మన పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పరు. నూటికి రెండు, నూటికి మూడు అంటారు. అది నెలకని విడిగా చెప్పక్కర్లేదు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. ఈ గుణకారం రాక ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసిన మనిషి ఎంత పోగొట్టుకుంటాడో చెప్పడానికి ఆర్థికవేత్త అక్కర్లేదు. చదువు విలువ అనగానే ఉద్యోగమే గుర్తొస్తుంది మనకి. కూలికి పోయే ఆడవాళ్లు దాన్ని వేరేలా చూపించారు.

1991 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో అక్షరాలు వచ్చినవాళ్లు నూటికి 33 మందే. అదే సమయంలో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. తాగుడుతో చితికిపోయిన ఇంటి గురించి వాచకంలో ఒక పాఠం ఉండేది. దూబగుంట ఆడవాళ్లు చదివి ఊరుకోలేదు, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్ల కథే మళ్లీ పాఠమై పక్క ఊళ్లకు వెళ్లింది. 1992లో ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది.

ఇంతవరకు అందరికీ గుర్తుంది. నా దృష్టిలో ఆ తర్వాతి సంగతే పెద్దది. సారాకు పోకుండా మిగిలిన దాంట్లోంచి నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచడం మొదలెట్టారు. పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. డ్వాక్రా సంఘాలు ఊరూరా పెరగడం, బ్యాంకు అప్పులు, 2004లో పావలా వడ్డీ, అన్నీ ఆ దారిలోనే జరిగాయి. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 శాతం. నూటికి పావలా అంటే ఏంటో ఏ సంఘంలోనూ విడమరచి చెప్పాల్సిన పని పడలేదు.

అయితే చాలామందికి చదువు సంతకం దగ్గరే ఆగింది. సంఘం పుస్తకం రాసేది లెక్కలు చూసే యానిమేటరే. జనాభా లెక్కల్లో అక్షరాస్యత అంటే అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం. కూడికలు, వడ్డీ లెక్కలు అందులో లేవు.

ఆ సందులోంచే చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. 10,000 అప్పు, 15 శాతం ఫ్లాట్, వారానికి 230 చొప్పున 50 వారాలు అనుకుందాం. కట్టేది 11,500, లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అసలు వారం వారం తీరిపోతుంటే వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదా పడుతోంది. లెక్క తీస్తే ఏడాదికి 29 శాతం దాటుతుంది, అంటే నూటికి రెండున్నరకు దగ్గర. షావుకారైతే ఆ మాట మొదటే చెప్పేవాడు!

వాయిదాల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీలకు పగ్గాలు వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన చట్టం వడ్డీ రేటును కంపెనీ ఆఫీసులో అందరికీ కనబడేలా పెద్ద అక్షరాలతో రాయాలంది. ఎంత పెద్దగా రాసినా అది శాతాల్లోనే ఉంటుంది. నూటికి ఎంతో పక్కవాళ్లని అడిగి తెలుసుకోవాల్సిందే.