దెబ్బ తగిలితే బయటపడే సిలికాన్

మా నల్లగొండ దిక్కు గుట్టల కింద తెల్లటి పలుగురాళ్లు ఏరుకొచ్చి, రాత్రిపూట చీకట్లో ఒకదానితో ఒకటి కొట్టేవాళ్లం. రాయి లోపల పసుపుపచ్చ వెలుగు ఒక్కసారి మెరిసి ఆరిపోయేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. పలుగురాయి అంటే సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. మన గ్రానైట్ బండల్లోనూ దాదాపు 70 శాతం సిలికానే.

నక్షత్రాల మధ్య చల్లటి మేఘాల్లో కూడా సిలికాన్ చాలావరకు రాయిగానే ఉంది. పొగ రేణువులంత సన్నటి రాతి ధూళి అది. అందులో ఇరుక్కున్న సిలికాన్ రేడియో టెలిస్కోపుకు చిక్కదు. చిక్కాలంటే అది వాయువుగా మారాలి, అణువు గిరగిరా తిరగాలి.

ఒక సిలికాన్, ఒక ఆక్సిజన్ పరమాణువు జతకడితే సిలికాన్ మోనాక్సైడ్. ఈ అణువు తనకు నచ్చిన వేగంతో తిరగలేదు, దాని శక్తికి మెట్లుంటాయి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా ఒక రేడియో తరంగం వదులుతుంది. అట్టడుగు మెట్టుకు దిగితే సుమారు 43.4 గిగాహెర్ట్జ్, దాని పైమెట్టు నుంచి 86.8, ఆ పైన 130.3. ఈ లెక్క మరే అణువుకూ ఇలాగే కుదరదు.

1971లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్, వాళ్ల సహచరులు పాలపుంత నడిమధ్యకు దగ్గర్లోని సజిటేరియస్ బి2 మేఘంలో ఆ 130 గిగాహెర్ట్జ్ తరంగాన్ని పట్టుకున్నారు. అమెరికాలోని కిట్ పీక్ కొండ మీది 11 మీటర్ల టెలిస్కోపు అందుకు పనికొచ్చింది. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వికిరణాన్ని కనిపెట్టి నోబెల్ అందుకున్న జంట వీళ్లే. ఆ పేరు చాటున ఈ పని మరుగున పడటం నాకు బాధగా ఉంటుంది. ఆ తర్వాత సిలికాన్ సల్ఫైడ్, సిలేన్ లాంటి సిలికాన్ ఉన్న అణువులూ దొరికాయి. సింహరాశిలోని కార్బన్ ఎక్కువగా ఉన్న ఒక ముసలి నక్షత్రం చుట్టూ, ఒక సిలికాన్, రెండు కార్బన్లు కలిసిన ఉంగరం లాంటి అణువును 1984లో గుర్తించారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి వేరే ఉంది. ప్రశాంతంగా ఉన్న చల్లటి మేఘాల్లో వెతికితే సిలికాన్ మోనాక్సైడ్ జాడ దాదాపు ఉండదు. అదే మేఘంలో ఒక నక్షత్రం పుట్టి, దాని నుంచి ఎగజిమ్మిన ధార సెకనుకు పాతిక కిలోమీటర్లకు మించిన వేగంతో చుట్టుపక్కల వాయువును గుద్దిందనుకోండి. ఆ తాకిడికి ధూళి రేణువుల పైపొరలు చెక్కుకుపోతాయి. రాయిలో బందీగా ఉన్న సిలికాన్ వాయువులోకి వచ్చి, ఆక్సిజన్‌తో కలవడంతో, సిలికాన్ మోనాక్సైడ్ ఒక్కసారిగా వేల రెట్లు పెరుగుతుంది. టెలిస్కోపులో దాని రేడియో తరంగం ఒక గీతలా వెలుగుతుంది. తర్వాత అంతా చల్లబడి, అణువులు మళ్లీ ధూళికి అంటుకుపోయి, గీత మెల్లగా మాయమవుతుంది. అందుకే అది కనిపించిన చోట, దెబ్బ తగిలి ఎక్కువ కాలం కాలేదని ఖగోళ శాస్త్రవేత్తలు అనుకుంటారు. వాళ్ల లెక్కలో కొన్ని వేల ఏళ్లంటే ఎక్కువ కాలం కాదు.