స్కీయింగ్ రానివాళ్లకు జెర్మాట్‌లో ఏం పని? అపోహలు - వాస్తవాలు

తెలుగు కుటుంబాలను చలికాలంలో ఆల్ప్స్‌కి తీసుకెళ్లడం నా పని. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఊరి గురించి ప్రతిసారీ అవే అనుమానాలు వింటుంటాను. వాటిలో కొన్ని డబ్బు దండగ చేయిస్తాయి, కొన్ని ప్రాణం మీదకు తెస్తాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: స్కీయింగ్ వస్తేనే అక్కడికి వెళ్లాలి.

నేను తీసుకెళ్లినవాళ్లలో సగానికి పైగా స్కీలు కాలికి కట్టనే లేదు. మంచులో నడవడానికి అక్కడ గులాబీ రంగు బోర్డులు పెట్టిన ప్రత్యేక దారులున్నాయి. 1898 నుంచి నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ రైలు, పట్టాల మధ్యనున్న పళ్ల కడ్డీని పట్టుకుంటూ అరగంటలో 3,089 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. తిరుగు దారిలో రోటెన్‌బోడెన్ స్టేషన్‌లో దిగి, స్లెడ్జి బండి మీద రిఫెల్‌బెర్గ్ దాకా జారుతూ రావచ్చు. అరవై దాటిన అమ్మలు కూడా చిన్నపిల్లల్లా కేకలు వేస్తూ దిగడం చూశాను.

అపోహ: అది టూరిస్టుల కోసం వేసిన సినిమా సెట్టింగు లాంటి ఊరు.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. హింటర్‌డోర్ఫ్ అనే పాత వీధికి వెళ్లి చూడండి. లార్చ్ కలపతో కట్టిన ఇళ్లు, ధాన్యపు కొట్లు ఎండకు కాగి నల్లబడి ఉంటాయి. కొట్లను పొట్టి కాళ్ల మీద నిలబెట్టి, ఒక్కో కాలి మీద గుండ్రటి రాతి పలక పెట్టారు. ఎలుక కాలు పట్టుకుని పైకి పాకినా ఆ పలక దాటలేదు. గాదెల్లో ధాన్యం దాచిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా, ఆ తెలివి మనకు వెంటనే అర్థమవుతుంది.

చర్చి దగ్గర పర్వతారోహకుల సమాధులున్నాయి. ఊరికి ఎదురుగా కనిపించే కొండ మాటర్‌హార్న్. 1865 జులై 14న ఆ శిఖరాన్ని మొదటిసారి ఏడుగురు ఎక్కారు. దిగేటప్పుడు నలుగురు పడి చనిపోయారు. అప్పుడు తెగిన తాడు అక్కడి మ్యూజియంలో ఉంది. మా వాళ్లను ముందు అక్కడికే తీసుకెళ్తాను. అది చూశాక ఆ కొండను చూసే చూపే మారిపోతుంది.

అపోహ: కారు అద్దెకు తీసుకుంటే హోటల్ గుమ్మంలో దిగొచ్చు.

కుదరదు. బయటి కార్లకు ఊళ్లోకి ప్రవేశం లేదు. 5 కిలోమీటర్ల ముందే, టేష్‌లో కారు పెట్టి రైలెక్కాలి. 12 నిమిషాల ప్రయాణం. ఊళ్లో తిరిగేవి చిన్న కరెంటు బండ్లు.

అపోహ: కోటు ఎంత మందంగా ఉంటే అంత మంచిది.

పెద్ద కోటు కింద కాటన్ బనియన్, జీన్స్ వేసుకొచ్చేవాళ్లే ఎక్కువగా వణుకుతారు. కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్ థర్మల్స్, మధ్యలో ఫ్లీస్ (మెత్తటి నూగు ఉన్న స్వెటర్), పైన గాలి, నీరు చొరబడని జాకెట్ వేసుకోండి. రెండో జత గ్లవ్స్ తప్పకుండా పెట్టుకోండి. ఇంకో మాట, అంత చలిలోనూ ఎండ కాలుస్తుంది. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు లేకుండా పైకి తీసుకెళ్లను.

అపోహ: వీడియోలు చూస్తే ఒక్క రోజులో స్కీయింగ్ వచ్చేస్తుంది, వీసాకి తీసుకున్న ఇన్సూరెన్సే చాలు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను. మా బృందంలో ఒక కుర్రాడు రెండో రోజే టీచర్ లేకుండా ఎరుపు దారిలో దిగాడు. అక్కడ నీలం దారి సులువు, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. మోకాలు మెలితిరిగి లేవలేకపోయాడు. వీసా పాలసీ తీసి చూస్తే చలికాలపు ఆటలు వర్తించవని రాసి ఉంది. మంచు మీద నుంచి మోసుకొచ్చిన ఖర్చు దగ్గర నుంచి అంతా వాళ్ల నాన్నగారే కట్టుకోవాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్ వెళ్లడానికి తీసుకునే షెంగెన్ వీసాకి 30,000 యూరోల కవరేజీ తప్పనిసరి, నిజమే. కానీ స్కీయింగ్ అందులో ఉందో లేదో పాలసీ చదివి చూడండి, లేకపోతే విడిగా చేర్పించుకోండి. కనీసం మూడు రోజులు టీచర్ దగ్గర నేర్చుకోండి. ముందు ఆగడం నేర్చుకోవాలి, జారడం ఆ తర్వాత. వాలులో మీకంటే కింద ఉన్నవాళ్లకే ఎప్పుడూ దారి హక్కు.

అపోహ: దిగిన రోజే పై స్టేషన్ చూసేస్తే ఒక పనైపోతుంది.

క్లైన్ మాటర్‌హార్న్ కేబుల్ కార్ స్టేషన్ 3,883 మీటర్ల ఎత్తులో ఉంది. ఊరు ఉన్నది 1,600 మీటర్ల దగ్గరే. పైన గాలి పలుచన, తలనొప్పి, ఆయాసం వస్తాయి. రెండు రాత్రులు ఊళ్లో నిద్రపోయి వెళ్లండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడగనిదే ఎక్కొద్దు.

అపోహ: చీజ్ వంటలంటే శాకాహారమే.

అన్నీ కాదు. ఫాండ్యూ అంటే కరిగించిన చీజ్‌లో బ్రెడ్డు ముక్కలు ముంచుకు తినే వంట. అందులో వైట్ వైన్ పోస్తారు, పిల్లలకు పెట్టేముందు అడగండి. రోష్టి బంగాళదుంపల వంటే, కానీ చాలాచోట్ల బేకన్ (పంది మాంసం) కలుపుతారు. అక్కడి చీజ్‌లు చాలావరకు దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరిచి చేసేవే, నిష్ఠగా ఉండేవాళ్లు ఇది తెలుసుకోవాలి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఆవకాయ తెచ్చుకోండి. నెయ్యి, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. మన దేశం నుంచి పాల, మాంసం పదార్థాలు తీసుకెళ్లడం అక్కడ నిషేధం.

ఎప్పుడు రావాలని అడిగేవాళ్లకు నేను మార్చి చెబుతాను. అప్పటికి పగలు పెరుగుతుంది, పైన మంచు ఇంకా నిండుగా ఉంటుంది. క్రిస్మస్ వారంలో అయితే గది దొరకడమే కష్టం.